పదికి తొమ్మిది వ్యాపారాలు మూతపడతాయన్న మాట నిజమేనా?

మీ ప్రశ్న నాకు ఇలా అర్థమైంది. ఉద్యోగం వదిలేసి సొంతంగా వ్యాపారం పెట్టాలని చూస్తున్నారు. ఇంట్లోవాళ్లేమో "కొత్త వ్యాపారాల్లో పదికి తొమ్మిది మునిగిపోతాయట" అని భయపెడుతున్నారు. ఒకరోజు పేపర్లో "రికార్డు స్థాయిలో కొత్త కంపెనీలు" అని వస్తుంది, నెల తిరక్కుండానే "రికార్డు స్థాయిలో మూతలు" అని ఇంకో వార్త వస్తుంది. వీటిలో దేన్ని నమ్మాలి, అసలు దేశం మొత్తం లెక్క నా ఒక్కడి నిర్ణయానికి పనికొస్తుందా అని అడిగారు.

వ్యాపారాల రిజిస్టర్ తయారుచేసే పనిలో, దాన్నుంచి లెక్కలు తీసే పనిలో ఇరవై రెండేళ్లు ఉన్నాను. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి. పదికి తొమ్మిది అన్న మాట తప్పు. మిగతా రెండు వార్తలూ ఒకే ఏడాదిలో నిజం కావచ్చు, చాలాసార్లు నిజమే అవుతాయి. దేశం లెక్క మీకు తప్పకుండా పనికొస్తుంది. హెడ్డింగ్‌లో వచ్చే అంకె మాత్రం దాదాపు ఎప్పుడూ పనికిరాదు.

ముందు ఎన్ని నిలదొక్కుకుంటాయో చూద్దాం. ఈ లెక్కను చాలాకాలంగా ఒకే పద్ధతిలో తీస్తున్నవాళ్లలో అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో ఒకటి. ఒక ఏడాదిలో పుట్టిన వ్యాపారాలన్నిటినీ ఒక బ్యాచ్‌గా పెట్టుకుని, ఆ తర్వాత ప్రతి మార్చిలోనూ వాటిలో ఎన్ని ఇంకా జీతాలిస్తున్నాయో చూస్తారు. ఒకటో తరగతిలో చేరిన పిల్లల్లో పదో తరగతి దాకా ఎంతమంది వచ్చారో చూసినట్టే. 1994 బ్యాచ్ నుంచి ఈ పట్టికలు ఉన్నాయి. గుండుగుత్తగా చెప్తాను. వెయ్యి పుడితే ఏడాది తిరిగేసరికి 800 మిగులుతాయి. రెండేళ్లకు 700కు కాస్త తక్కువ. ఐదేళ్లకు 500. పదేళ్లకు 350. యూరప్ దేశాల సగటు చూసినా ఐదేళ్లకు నిలిచేవి సగానికి కొద్దిగా తక్కువే.

ఈ పట్టికల్లో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఒకటుంది. 1990ల చివర్లో ఇంటర్నెట్ ఊపులో పుట్టిన బ్యాచ్ తీసుకోండి, 2010 తర్వాత పుట్టిన బ్యాచ్ తీసుకోండి, గీత దాదాపు ఒకటే. 2008 సంక్షోభానికి ముందు పుట్టినవి కొన్ని శాతం కిందికి దిగాయి, అంతే. వడ్డీ రేట్లు మారాయి, ప్రభుత్వాలు మారాయి, టెక్నాలజీ మొత్తం మారిపోయింది. మొదటి ఏడాదిలో ఐదోవంతు పోవడం మాత్రం పెద్దగా మారలేదు.

మీ ఇంట్లోవాళ్లకు చెప్పాల్సింది ఇంకోటి ఉంది, పేపర్లలో ఇది అస్సలు రాయరు. ఆ ప్రమాదం ఏడాది ఏడాదికీ తగ్గుతూ పోతుంది. మొదటి ఏడాది వందకు ఇరవై పోతాయి. రెండో ఏడాది మిగిలినవాటిలో వందకు పదమూడు దాకా. ఐదేళ్లు దాటినవాటిలో ఏటా పోయేది వందకు ఏడే. 500 ఉన్నవి పదేళ్లకు 350 అయ్యాయంటే, ఐదేళ్లు గట్టెక్కినవాటిలో పదింట ఏడు ఇంకో ఐదేళ్లు నిలిచాయన్నమాట. "సగం మూతపడతాయి" అన్న ఒక్క ముక్క వింటే ఐదేళ్ల పొడుగునా ప్రమాదం ఒకేలా ఉంటుందనిపిస్తుంది. నిజానికి దాని బరువంతా మొదటి రెండు మూడేళ్ల మీదే ఉంటుంది.

ఎందుకిలా? ఆర్థర్ స్టించ్‌కోంబ్ అనే సామాజికశాస్త్రవేత్త 1965లోనే దీన్ని కొత్తదనం వల్ల వచ్చే ఇబ్బందిగా వివరించారు. కొత్త సంస్థలో ఎవరి పని ఏమిటో ఇంకా కుదరదు, సరుకిచ్చేవాళ్లకు నమ్మకం ఉండదు, కొనేవాళ్లకు అలవాటు పడదు. 1982లో బోయన్ యొవనోవిచ్ అనే ఆర్థికవేత్త ఇంకో కోణం చూపించారు. వ్యాపారం మొదలుపెట్టేవాడికి ఈ పని తనకు ఎంతవరకు చేతనవునో మొదట్లో తెలియదు. చేస్తూ చేస్తూనే తెలుస్తుంది. కుదరదని తెలిసినవాళ్లు తొందరగా తప్పుకుంటారు, కుదురుతుందని తెలిసినవాళ్లు పెంచుకుంటూ పోతారు. నేను మాట్లాడిన యజమానుల్లో చాలామంది కథ ఈ రెండో వివరణకే దగ్గరగా ఉంది.

మరి ఈ పదికి తొమ్మిది ఎక్కడిది? ఇలాంటి మాటలకు మూలం వెతకబోతే సాధారణంగా ఏమీ దొరకదు. రెస్టారెంట్ల విషయమే తీసుకోండి. వాటిలో తొంభై శాతం మొదటి ఏడాదే మూతపడతాయని అమెరికాలో టీవీ ప్రకటనల్లో కూడా చెప్పేవారు. హెచ్.జి. పార్సా అనే పరిశోధకుడు, ఆయన సహచరులు అక్కడి కొలంబస్ నగరంలో నిజంగానే లెక్కపెట్టి 2005లో ఫలితాలు ప్రచురించారు. మొదటి ఏడాదిలో పోయినవి సుమారు 26 శాతం, మూడేళ్లకు దాదాపు 60 శాతం. తేలికైన సంగతేం కాదు. కానీ 26కూ 90కీ మధ్య ఎంత దూరముందో చూడండి. ఆ దూరంలో ఎంతమంది భయపడి వెనక్కి తగ్గి ఉంటారో తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

ఇప్పుడు "మూత" అన్న మాట దగ్గరికి వస్తాను. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది.

పనిలో చేరిన రెండో ఏడాది నాకో జాబితా ఇచ్చారు. గత త్రైమాసికంలో జీతాలు ఇచ్చి, ఈ త్రైమాసికంలో ఇవ్వని వ్యాపారాలవి. ఫోన్ చేసి నిజంగా మూసేశారో లేదో కనుక్కోవాలి. పదకొండు మంది పనివాళ్లున్న ఒక ప్రింటింగ్ వ్యాపారం జాబితాలో ఉంది. సున్నా జీతాలు, సున్నా పనివాళ్లు. ఫోన్ ఎత్తినావిడ గొంతు వెనకాల మిషన్ చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. "మేడమ్, మీ వ్యాపారం ఎప్పుడు మూసేశారు?" అని అడిగాను. "మూసేయడమేంటండీ? ఇప్పుడే అర్జెంటు ఆర్డర్ మీద ఉన్నాం, తర్వాత చేయండి" అన్నారు. సాయంత్రం మళ్లీ చేస్తే సంగతి తేలింది. అప్పటిదాకా ఆవిడ ఒక్కరి పేరు మీద ఉన్న వ్యాపారాన్ని కంపెనీగా మార్చారు. కొత్త కంపెనీకి కొత్త నంబరు వచ్చింది. అదే షెడ్డు, అవే మిషన్లు, అదే పదకొండు మంది. రిజిస్టర్లో మాత్రం ఒక చావు, ఒక పుట్టుక.

ఆరోజు జాబితాలో ముప్పైకి పైగా పేర్లు చూశాను. కొన్ని నిజంగానే మూసేశారు. కొన్ని ఇంకొకరికి అమ్మేశారు. రెండు సీజన్ అయిపోయి ఆపినవి, మళ్లీ మొదలుపెడతారు. ఒకటి పెద్ద సంస్థలో కలిసిపోయింది. ఒకటి కాగితాలు ఆలస్యంగా పంపింది, అంతే. ఇంటికెళ్లాక కూడా అదే ఆలోచన. ఈ ఫోన్లు చేయకపోయి ఉంటే ఇవన్నీ ఒకే గడిలో "మూతపడినవి" అని పడేవి కదా అని.

అందుకే సరిగ్గా లెక్కతీసే చోట్ల నిబంధనలు కట్టుదిట్టంగా ఉంటాయి. యూరోస్టాట్ (యూరోపియన్ యూనియన్ గణాంకాల సంస్థ), ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) కలిసి 2007లో తెచ్చిన మాన్యువల్ ప్రకారం విలీనాలు, విడిపోవడాలు, పేరు మార్పులు నిజమైన పుట్టుకలు కావు, నిజమైన చావులూ కావు. ఆగిన వ్యాపారం రెండేళ్లలోపు మళ్లీ మొదలైతే అది చావు కిందికి రాదు. పైన చెప్పిన అమెరికా బ్యూరో అయితే రెండు రకాల అంకెలు విడివిడిగా ఇస్తుంది. ఈ త్రైమాసికంలో పనివాళ్లు సున్నా అయితే "మూసినవి". ఆ సున్నా వరుసగా నాలుగు త్రైమాసికాలు నిలబడితేనే "చనిపోయినవి". అలాగే తెరిచినవి వేరు, పుట్టినవి వేరు. తెరిచినవాటిలో సీజన్‌కు మళ్లీ తెరుచుకున్న పాతవి కూడా ఉంటాయి.

ఈ తేడా ఎంత పెద్దదో 2020 చూపించింది. ఆ ఏడాది రెండో త్రైమాసికంలో అమెరికాలో మూసినవాటి సంఖ్య ఒక్కసారిగా ఎగిసిపడింది. దేశంలో చిన్న వ్యాపారమే మిగలదన్నట్టు వార్తలొచ్చాయి. మూడో త్రైమాసికంలో తెరిచినవి కూడా అలాగే ఎగిశాయి, ఎందుకంటే తాత్కాలికంగా తలుపులేసుకున్నవే చాలామటుకు మళ్లీ తీశారు. చనిపోయినవి కూడా పెరిగాయి గానీ మూతల అంకె భయపెట్టినంతగా కాదు. అయితే చనిపోయినవాటి లెక్క తేలాలంటే మూడు త్రైమాసికాలు ఎక్కువ ఆగాలి. నిజం ఆలస్యంగా వస్తుంది, ఈలోపు గాభరా వార్త ఊరంతా చుట్టొస్తుంది. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ టెన్షన్ పడింది ఈ ఆలస్యం గురించే. తొందరపెట్టి అంకె అడిగేవాళ్లకు "ఇంకా తేలలేదు" అని చెప్పడం అంత తేలిక కాదు.

నిజంగా మూసేసినవన్నీ నష్టపోయి మూసేసినవి కావు. తెలుగులో దీనికి మనకెన్ని మాటలున్నాయో చూడండి. దుకాణం కట్టేశాడు అంటాం. చేతులెత్తేశాడు అంటాం. ఐపీ పెట్టాడు అంటాం. బోర్డు తిప్పేశాడు అంటాం. మంచి రేటొస్తే అమ్మేసుకున్నాడు అంటాం. ఓపిక లేక ఆపేశాడు అంటాం. వినేవాడికి ఒక్కో మాటకూ ఒక్కో మనిషి కళ్లముందు కనిపిస్తాడు. పట్టికలో మాత్రం వీళ్లందరూ ఒకే వరుసలో ఉంటారు.

బ్రయన్ హెడ్ అనే ఆర్థికవేత్త అమెరికా జనగణన విభాగం చేసిన యజమానుల సర్వేని పట్టుకుని 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. మూసేసిన వ్యాపారాల యజమానుల్లో సుమారు మూడోవంతు మంది, మూసేనాటికి తమ వ్యాపారం బాగానే నడుస్తోందని చెప్పారు. మంచి ఉద్యోగం వచ్చిందనో, రిటైరవ్వాలనో, వేరే వ్యాపారం మీద మనసు పడిందనో ఆపేశారు. జపాన్‌లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ యజమానులు ముసలివాళ్లయిపోతున్నారు, నడిపే వారసులు లేరు. ఏటా దివాలా తీసేవాటికంటే తమంతట తాముగా ఆపేసేవే ఎన్నో రెట్లు ఎక్కువ, వాటిలో లాభాల్లో ఉన్నవీ చాలానే. అప్పుల్లేకుండా, పనివాళ్ల లెక్కలు తేల్చి, గౌరవంగా తాళం వేసినవాళ్లను "ఫెయిలయ్యారు" అనడం అన్యాయం. ఈ మాట నేను ఆఫీసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

దివాలా అంకెల గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. తేలిగ్గా దొరుకుతాయి, నెలనెలా వస్తాయి కాబట్టి పేపర్లకు ఇవంటే ఇష్టం. కానీ చాలా చిన్న వ్యాపారాలు కోర్టు గుమ్మం తొక్కకుండానే మూతపడతాయి, ఆ అంకెలో అవి ఉండవు. పైగా ఆ అంకె ఆర్థిక పరిస్థితితో పాటు చట్టాల మీదా, సాయం మీదా కూడా ఆధారపడుతుంది. 2020లో ప్రపంచమంతా ఆర్థిక వ్యవస్థలు కుంగితే చాలా దేశాల్లో దివాలాలు తగ్గాయి. ప్రభుత్వాలు రుణాలిచ్చాయి, జీతాలకు డబ్బిచ్చాయి, అప్పిచ్చినవాళ్లు కోర్టుకెళ్లకుండా కొంతకాలం ఆపాయి. జపాన్‌లో 2021 దివాలాలు సుమారు 6,000, అర్ధశతాబ్దానికి పైగా చూడనంత తక్కువ. ఆ ఏడాది అక్కడ వ్యాపారులు హాయిగా ఉన్నారని ఎవరూ అనలేరు.

తర్వాత సాయం ఆగిపోయింది, ఆగిన నీళ్లు ఒక్కసారి వదిలినట్టయింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2023లో 25,158 కంపెనీలు దివాలా ప్రక్రియలోకి వెళ్లాయి. 1993 తర్వాత ఇదే ఎక్కువ. "ముప్పై ఏళ్లలో గరిష్ఠం" అన్న హెడ్డింగ్ చదివితే గుండె జారిపోతుంది. ఈ అంకె ఇచ్చిన ప్రభుత్వ విభాగమే ఇచ్చిన రెండో అంకె ఎంతమంది చదివారు? ప్రతి పదివేల కంపెనీలకు దివాలా తీసినవి 2023లో సుమారు 54, 2008-09 సంక్షోభం తీవ్రంగా ఉన్నప్పుడు సుమారు 95. మధ్యలో రిజిస్టర్లో కంపెనీల సంఖ్య రెండింతలు దాటిపోయింది. పైన అంకె పెరిగింది, కింద హారం, అంటే మొత్తం కంపెనీల సంఖ్య, దానికంటే ఎక్కువ పెరిగింది. ఏ వార్త చదివినా "ఎన్నిట్లో?" అని ఒక్క ప్రశ్న వేసుకోండి. సగం గందరగోళం అక్కడే పోతుంది.

పుట్టుకల వైపు కూడా ఇదే జాగ్రత్త. రిజిస్ట్రేషన్ అంటే వ్యాపారం పుట్టినట్టు కాదు. అమెరికాలో కొత్త వ్యాపార దరఖాస్తులు 2019లో సుమారు 35 లక్షలుండగా 2021లో 54 లక్షలు దాటాయి. పెద్ద పెరుగుదలే, అందులో నిజమైన ఉత్సాహం ఉంది. కానీ అందులో జీతమిచ్చి పనివాణ్ని పెట్టుకునే దశకు వచ్చేవి కొన్నే. అందుకే అక్కడి జనగణన విభాగం, పనివాళ్లను పెట్టుకునే అవకాశం ఎక్కువున్న దరఖాస్తులను విడిగా చూపిస్తుంది.

మన దేశంలో చిన్న వ్యాపారాలు నమోదు చేసుకునే ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్ 2020 జూలై 1న మొదలైంది. అందులో నమోదులు కోట్లకు చేరాయని విన్నప్పుడు అన్నికోట్ల వ్యాపారాలు కొత్తగా పుట్టాయనుకోకండి. ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నవి కొత్త విధానంలో మళ్లీ నమోదయ్యాయి. రుణం కోసమో, పథకం కోసమో మొదటిసారి లెక్కలోకి వచ్చిన పాతవీ ఉన్నాయి. లెక్కలోకి రావడం మంచిదే, కానీ అది పుట్టుక కాదు. అలాగే 2017లో మన కంపెనీల రిజిస్టర్ నుంచి రెండు లక్షలకు పైగా పేర్లు ఒక్కసారిగా కొట్టేశారు. వరుసగా రెండేళ్లో అంతకంటే ఎక్కువో పత్రాలు దాఖలు చేయనివవి. కాగితం మీద ఆ ఏడాది కంపెనీల మరణాల వెల్లువలా కనిపిస్తుంది. వాటిలో చాలామటుకు అంతకు ఎప్పుడో ఊపిరి ఆగిపోయినవే, ఆ ఏడాది తీసిన లెక్కలో బయటపడ్డాయి.

ఇంతా చెప్పి ఇప్పుడు అసలు నా అభిప్రాయానికి వస్తాను. మూతలు పెరగడం గురించి అందరూ గుండెలు బాదుకుంటారు. నాకు భయమేసేది పుట్టుకలు తగ్గినప్పుడు.

పుట్టుకలూ మూతలూ ఒకదానికొకటి ఎదురుగా నడుస్తాయని మనం అనుకుంటాం. మంచికాలంలో పుట్టుకలు, చెడ్డకాలంలో చావులు అని. రంగాల వారీగా చూస్తే ఎక్కడ కొత్తవి ఎక్కువ పుడతాయో అక్కడే ఎక్కువ మూతపడతాయి. డన్, రాబర్ట్స్, శామ్యూల్సన్ అనే ముగ్గురు 1988లో అమెరికా కర్మాగారాల లెక్కలతో ఇది చూపించారు. కారణం మీకు ఇప్పటికే తెలిసి ఉండాలి. మూతపడేవాటిలో ఎక్కువభాగం పసివి. ఈ ఏడాది ఎక్కువ పుడితే వచ్చే రెండేళ్లలో మూతలు పెరిగి తీరతాయి, ఎవరి పొరపాటూ లేకపోయినా. కాబట్టి "రికార్డు తెరుపులు" వార్త వచ్చిన ఏడాది రెండేళ్లకు "రికార్డు మూతలు" వార్త రావడం చాలా మామూలు. రెండోది మొదటిదాని నీడ.

కొత్తవి పుట్టకపోతే ఏమవుతుంది? జాన్ హాల్టివాంగర్, రాన్ జార్మిన్, జేవియర్ మిరాండా అనే ఆర్థికవేత్తలు 2013లో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో చాలామంది ఆలోచనను మార్చేసింది. ఉద్యోగాలిచ్చేవి చిన్న వ్యాపారాలే అన్న మాట అంతకుముందు దశాబ్దాల నుంచి నడుస్తోంది. వాళ్లు వయసును కూడా లెక్కలోకి తీసుకుని చూస్తే, సైజుకూ ఉద్యోగాల పెరుగుదలకూ ఉన్న సంబంధం దాదాపు మాయమైంది. ఉద్యోగాలిచ్చేవి చిన్నవి కావు, వయసులో చిన్నవి. కొత్త వ్యాపారాల్లో చాలా వాటికి రెండే దారులు. పైకి పోవడం, లేదా బయటికి పోవడం. పైకి పోయే కొద్దివాటిని ముందుగా గుర్తుపట్టే ఉపాయం ఎవరి దగ్గరా లేదు, కాబట్టి అన్నీ పుట్టాల్సిందే.

అమెరికాలో 1970ల చివర్లో ప్రతి వంద సంస్థల్లో ఏడాది లోపు వయసున్నవి పన్నెండుకు పైనే ఉండేవి. 2010 తర్వాత ఎనిమిది దరిదాపులకు పడిపోయాయి. ముప్పై ఏళ్ల పైచిలుకు మెల్లమెల్లగా జారడం వల్ల ఇది ఏ ఒక్క ఏడాదీ పెద్ద వార్త కాలేదు. 2008 సంక్షోభమప్పుడు కూడా అందరూ మూతల వైపే చూశారు. ఆ రెండు మూడేళ్లలో పుట్టకుండా పోయినవాటి లోటు మాత్రం ఆ తర్వాత చాలాకాలం వెంటాడింది. పుట్టిన వ్యాపారం పోతే కనీసం లెక్కలో కనిపిస్తుంది. పుట్టనే పుట్టనిదాన్ని ఎవరు లెక్కపెడతారు? దాని తలుపు మీద తాళం ఉండదు, ఫొటో తీయడానికి ఏమీ ఉండదు.

మూతలే లేని దేశం సుఖంగా ఉంటుందనుకోవడమూ పొరపాటే. జపాన్‌లో 1990ల తర్వాత బ్యాంకులు, బాకీ తీర్చలేని కంపెనీలకు కూడా అప్పులు తిరగరాస్తూ పోయాయి. కాబయేరో, హోషి, కశ్యప్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2008లో దాని ఫలితం చూపించారు. అలాంటి నడిచే శవాల్లాంటి సంస్థలు ఎక్కువున్న రంగాల్లో ఆరోగ్యంగా ఉన్న సంస్థల పెట్టుబడీ తగ్గింది, ఉద్యోగాలూ తగ్గాయి. మన దేశానికి సంబంధించి 2014లో షియె, క్లెనో అనే ఆర్థికవేత్తలు ప్రచురించిన లెక్క ఇంకోటి ఉంది. అమెరికాలో నలభై ఏళ్ల వయసున్న సగటు కర్మాగారంలో, ఐదేళ్లలోపు వయసున్నదానికంటే ఏడు రెట్లకు పైగా పనివాళ్లుంటారు. భారత్‌లో, మెక్సికోలో నిలబడినవి అదే కాలంలో సుమారు రెండింతలే అవుతాయి. నిలబడటం ఒకటి, ఎదగడం ఇంకోటి. మన దగ్గర చాలా వ్యాపారాలు చావవు, పెరగవు. సర్వైవల్ రేటు ఒక్కటే చూసి బాగుందని అనుకుంటే ఇది కనిపించదు.

ఇక మీ సంగతి. ఎక్కడ పెట్టబోతున్నారో, ఏ రంగమో మీరు చెప్పలేదు, కాబట్టి అందరికీ పనికొచ్చేదే చెప్తాను. దేశం సగటును వదిలేసి మీ రంగం బ్యాచ్ వెతకండి. వైద్యం, దాని అనుబంధ సేవల్లో పుట్టినవి సగటు కంటే ఎక్కువకాలం నిలుస్తాయి. నిర్మాణ రంగంలోవి మార్కెట్ ఊగినప్పుడల్లా ఊగుతాయి. రంగాన్ని బట్టి ఐదేళ్ల మనుగడ పది శాతం అటూ ఇటూ మారడం మామూలే. వయసు వారీగా ఇచ్చిన పట్టిక దొరికితే, ఏ ఏడాదిలో ఎక్కువ జారుతున్నాయో చూడండి. కొన్ని రంగాల్లో మొదటి ఏడాది చాలామంది నిలబడతారు, పెట్టిన డబ్బు అయిపోయే రెండో మూడో ఏడాదిలో జారతారు. జర్మనీలో బ్రూడెర్ల్, ష్యూస్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 1990లోనే ఇలాంటి ఆకారం చూపించారు. చేతిలో నిల్వ ఉన్నంతకాలం ఎవరూ ఆపరు, అది కరిగాక ఒక్కసారిగా తేలుతుంది. మీ నిల్వ ఏడాదికే సరిపోతే, మీ రంగంలో అసలు పరీక్ష పద్దెనిమిదో నెలలో ఉంటే, ఆ సంగతి ముందే తెలియాలి కదా.

ఈ పట్టికలు మీ గురించి చెప్పలేనిదీ ఉంది. వందలో ఇరవై పోయాయంటే మీకు ఇరవై శాతం ప్రమాదం ఉందని కాదు. ఆ ఇరవైలో అనుభవం ఉన్నవాళ్లెంతమంది, అప్పుతో మొదలుపెట్టినవాళ్లెంతమంది, సరదాకి పెట్టి వదిలేసినవాళ్లెంతమంది అన్నది అందులో లేదు. మీరు చేస్తున్న ఉద్యోగం అదే రంగంలోదైతే, మొదటి రోజు నుంచే కొనేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే, మీరు ఆ సగటు మనిషి కాదు.

ఇంకొక్క ఫోన్ కాల్ గురించి చెప్తాను. నాలుగో ఏడాదిలో మూసేసిన ఒకాయన, చిన్న సామగ్రి రిపేరు వ్యాపారం. ఎందుకు మూశారని అడగడం మా ఫారంలో ఆఖరి ప్రశ్న. చాలామంది అక్కడ కాసేపు మౌనంగా ఉండిపోతారు. ఈయన వెంటనే చెప్పారు. మొదలుపెట్టేటప్పుడే భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రెండు సంగతులు రాసుకున్నారట. సొంత డబ్బు ఎంత దాకా పోయినా ఫరవాలేదు, వరుసగా ఎన్ని నెలలు ఇంటికి జీతం రాకపోతే ఆపేయాలి. రెండోది వచ్చింది, ఆపేశారు. బాకీలన్నీ తీర్చారు, పనిచేసిన ఇద్దరు కుర్రాళ్లకు వేరేచోట పని చూపించారు. "ఇప్పుడేం చేస్తున్నారండీ?" అని అడిగాను. ఫారంలో లేని ప్రశ్న అది. "కాగితం మళ్లీ తీశామండీ, ఈసారి అంకెలు వేరే" అన్నారు. ఆయన వ్యాపారం మా పట్టికలో మూతపడినవాటి గడిలో పడింది. పదకొండు నెలల తర్వాత ఆయన పేరు పుట్టినవాటి జాబితాలో చూశాను.